ఏఐ చెప్పిన కషాయం మోతాదును నమ్మవచ్చా? సీతాఫలం గింజల విషయంలో జరిగింది (వీడియోతో)



పైన ఉన్న వీడియో ఎప్పటిలా మన పొలంలో తీసింది కాదు. హైదరాబాద్‌లో మొజంజాహీ మార్కెట్ మెట్ల మీద కూర్చుని తీసింది. వెనకాల ఆటోల హారన్లు వినిపిస్తాయి, కొంచెం ఓపిక పట్టండి. వీడియోలో చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దగానే ఉంటుంది, కానీ ఇందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి మొత్తం చెప్పడమే న్యాయం.

మాది షాద్‌నగర్ వైపు. గట్ల మీద, గుట్ట వాలులో సీతాఫలం చెట్లు ఉన్నాయి. ఎక్కువగా బాలానగర్ రకం. ప్రతి ఏడాది దసరా ముందు నుంచి దీపావళి దాకా కాయ తెగుతుంది. అందులో కొంత మొజంజాహీ మార్కెట్‌లోని ఒక ఐస్‌క్రీమ్ దుకాణానికి ఇస్తాను. ఆ మార్కెట్ తెలియనివాళ్లకు ఒక్క మాట: చివరి నిజాం తన రెండో కొడుకు మొజంజా పేరు మీద 1935లో కట్టించిన రాతి కట్టడం అది, గడియార స్తంభం ఉంటుంది. బాగా పాడైపోతే మరమ్మతులు చేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఒకప్పుడు నగరానికి పండ్ల మార్కెట్ అంటే అదే. ఇప్పుడు అక్కడికి జనం ఎక్కువగా వచ్చేది చేత్తో చేసే పండ్ల ఐస్‌క్రీమ్ కోసం. సీతాఫలం కాలంలో అయితే రాత్రి పదింటికి కూడా నిలబడే చోటు ఉండదు.

సీతాఫలం ఐస్‌క్రీమ్‌లో పెద్ద పని గుజ్జు తీయడం. మిక్సీలో వేస్తే గింజ నలిగి గుజ్జు పాడవుతుంది, చేత్తోనే తీయాలి. మార్కెట్ వెనక గల్లీలో నలుగురైదుగురు ఆడవాళ్లు పీటలేసుకుని కూర్చుని ఆ పని చేస్తారు. బకెట్లకు బకెట్లు గింజలు వస్తాయి. ఆ గింజలను నేను మూడేళ్లుగా ఊరికి తెచ్చుకుంటున్నాను. ఎండబెట్టి, పొడి కొట్టి, కషాయం చేసి రసం పీల్చే పురుగులకు వాడతాను. దాని మీద మన బ్లాగులో ఒక వీడియో ఉంది, మీలో చాలామంది చూశారు.

మొన్నటి సీజన్‌లో ఒక పొద్దున కాయ దింపడానికి పోతే, గుజ్జు తీసే చెల్లె ఒకామె పనికి రాలేదు. ఏమైందమ్మా అని అడిగితే, బిడ్డకు కన్ను బాగాలేదు, కంటి ఆసుపత్రికి పోయింది అన్నారు. మూడు రోజుల తర్వాత ఆమె వచ్చింది, వెంట ఎనిమిదేళ్ల పాప. పాప కుడి కన్ను ఇంకా ఎర్రగానే ఉంది, వెలుతురు చూడలేకపోతోంది.

జరిగింది ఇది. పాప తలలో పేలు. తల్లి ఫోన్‌లో మైకు నొక్కి, "సీతాఫలం గింజలు పేలకు ఎట్ల వాడాలి" అని అడిగింది. ఇంతకుముందైతే పది లింకులు వచ్చేవి. ఇప్పుడు పైననే ఏఐ రాసిన జవాబు వస్తుంది, కొన్ని ఫోన్లలో చదివి వినిపిస్తుంది కూడా. గింజలు పొడి చేసి నూనెలో కలిపి తలకు పట్టించాలి, రాత్రంతా ఉంచి పొద్దున కడగాలి, ఇది సహజమైనది కాబట్టి దుష్ప్రభావాలు ఉండవు — జవాబు సారాంశం ఇది. గింజలు చేతిలోనే ఉన్నాయి. ఆమె అలాగే చేసింది. రాత్రి నిద్రలో పాపకు చెమట పట్టి ఆ నూనె కంట్లోకి కారింది. అర్ధరాత్రి కేకలు.

"ఫోన్ల మంచిగనే చెప్పింది గదన్నా" అంటూ ఆమె నాకు ఆ జవాబు చూపించింది. చదువుతూ కిందకు జరిపితే, ఆధారంగా రెండు లింకులు ఉన్నాయి. అందులో ఒకటి మన బ్లాగు.

నిజం చెప్తున్నా, నా కాళ్లలో బలం పోయింది. అక్కడే మెట్ల మీద కూర్చుని నా పాత పోస్టు తెరిచి మొత్తం చదివాను. పేలకు వాడమని నేను ఎక్కడా చెప్పలేదు. కానీ చివర్లో, ఊరికే మాటల్లో మాటగా, "మా అమ్మమ్మ కాలంలో పేలకు కూడా ఈ పొడే వాడేవాళ్లు" అని రాశాను. వీడియోలో పొడి కొట్టేటప్పుడు నేను కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకునే ఉన్నాను. కానీ అవి ఎందుకు వేసుకున్నానో నోటితో చెప్పలేదు, పోస్టులో రాయనూ లేదు. చూసేవాళ్లకు అర్థమవుతుందిలే అనుకున్నాను. మనిషి చూస్తే అర్థమవుతుంది. అక్షరాలు మాత్రమే తీసుకునే యంత్రానికి ఆ కళ్లద్దాలు లేవు, ఆ గుడ్డ లేదు. అమ్మమ్మ మాట మాత్రం ఉంది. "దుష్ప్రభావాలు ఉండవు" అన్న మాట నాది కాదు, అది ఎక్కడి నుంచి తెచ్చుకుందో తెలియదు. నాది కానంత మాత్రాన నా మనసు కుదుటపడలేదు.

ముందు గింజ సంగతి చెప్పుకుందాం, ఎందుకంటే మనలో చాలామంది దీన్ని వాడుతున్నాం. సీతాఫలం గింజలో అసిటోజెనిన్లు అనే పదార్థాలు ఉంటాయి. జీవకణం శక్తి తయారు చేసుకునే పనిని అవి అడ్డుకుంటాయి, పురుగు చచ్చేది అందుకే. కంటి పొరకు తగిలితే తీవ్రమైన మంట, వాపు, నల్లగుడ్డు మీది పారదర్శక పొర దెబ్బతినడం జరుగుతాయి. పేల కోసం తలకు పెట్టుకుని కళ్లు దెబ్బతిన్న కేసులను మన దేశపు కంటి డాక్టర్లే వైద్య పత్రికల్లో రాశారు. పొరపాటున కంట్లో పడితే నలపకూడదు. కనీసం పావుగంట ధారగా శుభ్రమైన నీళ్లతో కడుగుతూ ఉండాలి, వెంటనే కంటి ఆసుపత్రికి పోవాలి. పోయేటప్పుడు ఏం పడిందో డాక్టరుకు చెప్పాలి. ఆ తల్లి భయపడి చాలాసేపు నీళ్లు పోస్తూనే ఉందట, అది పాపకు మేలు చేసింది. చూపు పోలేదు.

ఇక ఆ జవాబు ఎలా తయారవుతుందో నాకు అర్థమైన మేరకు చెప్తాను. ఏఐ సెర్చ్ అంటే అనుభవం ఉన్న రైతు లోపల కూర్చుని మాట్లాడటం కాదు. మనం అడిగిన మాటలకు దగ్గరగా ఉన్న రాతలను నాలుగైదు చోట్ల నుంచి ఏరుకుంటుంది. తర్వాత ఏ మాట పక్కన ఏ మాట వస్తే సహజంగా ఉంటుందో చూసి వాక్యాలు అల్లుతుంది. ఆ అల్లికలో ముందుగా జారిపోయేది షరతు. "ఈ నేలలో", "ఈ వయసు పంటకు", "ఇన్ని నీళ్లు కలిపితేనే", "కంటికి తగలకుండా" — ఇలాంటివి. మిగిలేది చక్కని, ధీమాగల వాక్యం.

ఇది మన ఊళ్లో మాత్రమే జరిగింది కాదు. 2024 మే నెలలో గూగుల్ ఈ ఏఐ జవాబులను అమెరికాలో అందరికీ తెరిచింది. ఆ నెలలోనే, పిజ్జా మీద జున్ను జారిపోకుండా సాస్‌లో జిగురు కలపమని అది చెప్పిన సంగతి ప్రపంచమంతా తిరిగింది. వెతికితే, అది అప్పటికి పదేళ్లకు పైగా కిందట రెడిట్‌లో ఎవరో తమాషాకు రాసిన మాట. రోజుకు ఒక చిన్న రాయి తినమని చెప్పిన జవాబు మూలం 'ది ఆనియన్' అనే వ్యంగ్య పత్రిక. రాసినవాడి నవ్వు జారిపోయింది, మాట మిగిలింది. కొన్ని తప్పులను గూగుల్ తర్వాత సరిచేసింది. మన దేశానికి అదే ఏడాది ఆగస్టులో వచ్చింది.

నవ్వుకునేవి అవి. నవ్వుకోలేనిది ఇంకొకటి ఉంది. 2025 ఆగస్టులో అమెరికా డాక్టర్లు ఒక 60 ఏళ్ల మనిషి కేసును వైద్య పత్రికలో ప్రచురించారు. ఆయన ఉప్పు మానేయాలనుకున్నాడు. ఉప్పులోని క్లోరైడ్‌కు బదులు ఏం వాడవచ్చో చాట్‌జీపీటీని అడిగాడు. బ్రోమైడ్ వాడవచ్చు అన్న జవాబు చదివి, సోడియం బ్రోమైడ్ తెప్పించుకుని మూడు నెలలు తిన్నాడు. చివరకు లేనివి కనిపించే, వినిపించే స్థితిలో ఆసుపత్రిలో చేరాడు. క్లోరైడ్ బదులు బ్రోమైడ్ అనేది ఏదో శుభ్రం చేసే పనికి సంబంధించిన మాట అయి ఉండవచ్చని ఆ డాక్టర్లు రాశారు. అంటే మాట పూర్తిగా అబద్ధం కాదు, తినడానికి కాదు అన్న షరతు పోయింది. మన పాప కన్ను కూడా సరిగ్గా ఇలాగే.

ఆ రోజు కాయ దింపాక నేను వెంటనే బస్సెక్కలేదు. చాయ్ తాగుతూ అక్కడే కూర్చుని మన సాగుకు సంబంధించిన ప్రశ్నలు ఒక్కొక్కటే ఫోన్‌ను అడిగాను. (వీడియోలో స్క్రీన్ చూపించాను, అక్షరాలు చిన్నగా ఉంటే పెద్దవి చేసుకుని చూడండి.)

ఎకరాకు జీవామృతం అడిగితే సరిగ్గానే చెప్పింది. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి, 48 గంటలు నీడలో. ఒక్క తప్పు లేదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. వేలమంది రాసిన విషయాన్ని సరిగ్గా చెబుతుంది, దాంతో మనకు నమ్మకం కుదురుతుంది. తర్వాత తక్కువమంది రాసిన దాన్ని కూడా అదే గొంతుతో చెబుతుంది.

రెండో ప్రశ్న అగ్నిఅస్త్రం. పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు, ఉడికించడం అంతా బాగానే ఉంది. కానీ చివర "నీళ్లు కలపకుండా నేరుగా పిచికారీ చేయాలి" అంది. నేరుగా కొట్టేది నీమాస్త్రం. అందులో తయారీలోనే 200 లీటర్ల నీళ్లు ఉంటాయి. అగ్నిఅస్త్రం చిక్కటి కషాయం. పాళేకర్ గారి లెక్క ప్రకారం 200 లీటర్ల నీటికి 6 నుంచి 8 లీటర్లే. రెండు వంటకాలు పక్కపక్కన ఉన్న పేజీని చదివి ఒకదాని తోక ఇంకోదానికి అతికించినట్టుంది. మా పక్క ఊరి తమ్ముడు ఒకతను ఇలాంటి జవాబు చూసే వంగ తోటలో నేరుగా కొట్టాడు, మూడో రోజుకు లేత చిగుళ్లన్నీ మాడిపోయాయి. చేతికి తొడుగులు కావాలా అని అడిగితే, సహజ ద్రావణం కాబట్టి అవసరం లేదంది. పొగాకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. తడి పొగాకు కోసే కూలీలకు వాంతులు, తల తిరగడం ఎందుకు వస్తాయో ప్రకాశం జిల్లావాళ్లను అడిగితే చెబుతారు.

మూడోది మాట మీద తిరకాసు. "మిరపలో నల్లి పోవాలంటే" అని అడిగాను. పరుపులు ఎండలో వేయమంది! మిరప అన్న మాట ఏమైపోయిందో గాని, మంచంలో నల్లి, ఆకు కింద నల్లి దానికి ఒకటే అయిపోయాయి. వరిలో ఉల్లికోడు అడిగితే ఉల్లిగడ్డ పంట గురించి రెండు పేరాలు చెప్పింది. ఉల్లికోడు అంటే వరి పిలక ఉల్లికాడలా గొట్టమైపోయే పురుగు నష్టం అని మన పిల్లలకు కూడా తెలుసు. తెలుగులో సాగు మాటలు రాతలో తక్కువ, నోట్లో ఎక్కువ. మండలానికో పేరు ఉంటుంది. ఇంగ్లీషులో అడిగినవాడికి వచ్చే జవాబు కన్నా మనకు వచ్చేది పలచగా ఉండటానికి అదొక కారణం అనుకుంటాను.

పండ్ల హోల్‌సేల్ మార్కెట్ ఎక్కడ అని కూడా అడిగాను, ఊరికే. గడ్డిఅన్నారం అంది. మొజంజాహీ నుంచి గడ్డిఅన్నారానికి పోయిన మార్కెట్, అక్కడి నుంచి 2021లో బాటసింగారానికి తరలింది. గడ్డిఅన్నారం స్థలంలో ఆసుపత్రి కడుతున్నారు. పాత రాతలు ఎక్కువ ఉన్నాయి కాబట్టి పాత మాటే గెలిచింది. తెల్లవారుజామున నాలుగింటికి కాయ వేసుకుని బయలుదేరే కొత్త రైతుకు ఇదేమీ చిన్న తప్పు కాదు.

ఇంటికి వచ్చాక చేసిన పరీక్ష ఇంకా ముఖ్యం. సీతాఫలానికి పెద్ద శత్రువు పిండినల్లి అని తెలుసు కదా. మా చెట్టు మీద తెల్లగా, దూది పోగుల్లా ఉన్న పురుగును ఫోటో తీసి ఫోన్‌కు చూపించాను. పిండినల్లి, వెంటనే పిచికారీ చేయండి అంది. కానీ అది పిండినల్లి కాదు, పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. చూడటానికి అచ్చం దానిలాగే తెల్లటి మైనపు పోగులతో ఉంటుంది. గుర్తుపట్టడం ఎలాగంటే, పిండినల్లి కన్నా పెద్దది, పోగులు పొడుగ్గా ఉంటాయి. పుల్లతో కదిపితే చకచకా నడుస్తుంది. పిండినల్లి అంత చురుగ్గా కదలదు. పెద్దదైతే నల్లటి ఒళ్లు, నారింజ రంగు తల. వీడియోలో రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఫోన్ మాట విని కొడితే ఆ చెట్టు మీద మనకు ఉచితంగా పనిచేస్తున్న కూలీని మనమే చంపుకునేవాళ్లం.

కొలంబియా విశ్వవిద్యాలయం జర్నలిజం విభాగం వాళ్లు 2025 మార్చిలో 8 ఏఐ సెర్చ్ సాధనాలను పరీక్షించారు. ఒక వార్తలోని ముక్క ఇచ్చి అది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ ప్రచురించారో చెప్పమన్నారు. మొత్తం మీద 60 శాతానికి పైగా జవాబులు తప్పు. నాకు దానికన్నా పట్టింపుగా అనిపించింది ఇంకొకటి: తెలియకపోతే తెలియదని చెప్పడం వాటిలో చాలా తక్కువ. మన ఊరి పెద్దరైతును అడగండి, "అది నాకు ఎరక లేదు బిడ్డా, ఫలానా ఆయన్ని అడుగు" అంటాడు.

అలాగని ఫోన్ పక్కన పడేయమని నేను చెప్పను. నేనూ వాడుతున్నాను. ఒక పురుగు శాస్త్రీయ పేరు కావాలన్నా, ఏ వీడియో ఎక్కడుందో వెతకాలన్నా, ఇంగ్లీషు కాగితం తెలుగులో అర్థం కావాలన్నా మంచి సాయం. మోతాదు దగ్గర మాత్రం దాని మాట మీద డ్రమ్ములో చెయ్యి పెట్టను. జవాబు కింద ఉన్న లింకు తెరిచి అసలు మనిషి ఏం చెప్పాడో మొదటి నుంచి చివరి దాకా చూస్తాను. ఏ జిల్లా, ఏ నేల, ఏ సంవత్సరం అని చూస్తాను. చాలాసార్లు లింకులో ఆ మాటే ఉండదు! తర్వాత ప్రశ్నను తిప్పి అడుగుతాను: "ఎలా వాడాలి" అని కాకుండా "దీంతో ఎవరికైనా హాని జరిగిందా" అని. అదే ఫోన్‌ను సీతాఫలం గింజల మీద ఇలా తిప్పి అడిగితే కంటి గాయాల సంగతి మొత్తం చెప్పింది. అంటే సమాచారం దగ్గర ఉంది, మనం అడిగిన తీరుకు పైకి తేలేదు. ఆ తల్లికి అలా తిప్పి అడగాలని ఎవరు చెబుతారు?

కొత్త కషాయం ఏదైనా ముందు ఒక మూలన నాలుగు మొక్కల మీద కొట్టి మూడు రోజులు ఆగండి. అనుమానం ఉంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. వాళ్లు ఒక్కోసారి రసాయన మందే చెబుతారు, ఆ సంగతి మీకు తెలుసు. కానీ పురుగు ఏదో గుర్తుపట్టడానికి పనికొస్తారు. దగ్గరలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంటే ఆకు కోసుకుని పట్టుకుపోండి. మనుషులకు, పిల్లలకు, పశువులకు మందు అనే మాట వస్తే మాత్రం ఫోనూ వద్దు, నేనూ వద్దు, డాక్టరే.

ఇప్పుడు నాలా వీడియోలు పెట్టే రైతులకు. మన మాటలు ఇకమీదట మనుషులు మాత్రమే వినరు, యంత్రాలు ముక్కలు చేసి ఇంకొకరికి వడ్డిస్తాయి. కాబట్టి మోతాదు, నీళ్లు, జాగ్రత్త మూడూ ఒకే వాక్యంలో చెప్పండి, ఒకే వాక్యంలో రాయండి. "చివర్లో జాగ్రత్తలు" అని వేరే పేరా పెడితే అది తెగిపోయే పేరా అనుకోండి. చేత్తో చూపించినదాన్ని నోటితో కూడా చెప్పండి. అమ్మమ్మ ముచ్చట్లు రాయాలనిపిస్తే రాయండి, కానీ అది వాడమని చెప్పడం లేదని అక్కడికక్కడే రాయండి. నా పాత పోస్టు సరిచేశాను. మొదటి వాక్యమే ఇప్పుడు ఇలా ఉంది: "సీతాఫలం గింజల పొడి కంటికి ప్రమాదం, తలకు వాడకూడదు, కళ్లద్దాలు లేకుండా పొడి కొట్టకూడదు." పాత వీడియో తీసేసి మళ్లీ తీశాను, ఇందులో 3వ నిమిషం దగ్గర కళ్లద్దాలు చేతిలో పట్టుకుని ఎందుకో చెబుతాను. గింజలు తెచ్చుకునే గోనె సంచుల మీద కూడా ఇప్పుడు రంగుతో "విషం" అని రాసి పంపుతున్నాను. గుజ్జు తీసే వాళ్లందరికీ చదివి చెప్పాను.

రెండు వారాల తర్వాత మళ్లీ కాయ తీసుకుని పోయాను. పాప కన్ను తేటపడింది, మార్కెట్ వరండాలో ఇంకో పిల్లతో ఆడుకుంటోంది. తల్లి ఫోన్‌లో అదే ప్రశ్న మళ్లీ అడిగి చూశాం. జవాబు కొంచెం మారింది. వాడే పద్ధతి ఇంకా పైననే ఉంది. కంటికి జాగ్రత్త అన్న మాట 'మరింత చూపించు' అని నొక్కితే కింద కనిపించింది. ఆ జవాబు తప్పు అని చెప్పే గుర్తు నొక్కాను. రోజూ నొక్కుతున్నాను, మీరూ నొక్కండి.

"అయితే పేలకు ఏం చెయ్యాల్నన్నా మరి?" అని అడిగింది ఆ చెల్లె. డాక్టరు ఏదో మందు రాశాడట, దాంతోపాటు దువ్వుకోమన్నాడట. ఇద్దరం నడుచుకుంటూ బేగంబజార్ దాకా పోయి, పళ్లు దగ్గర దగ్గరగా ఉన్న పేల దువ్వెన ఒకటి కొన్నాం. తల తడిపి రోజు విడిచి రోజు దువ్వుతోంది. మొన్న ఫోన్ చేస్తే సగానికి తగ్గాయంది.